కట్టెల స్టవ్ డైరీ: చలికాలం కోసం ఏప్రిల్ నుంచే

ఏప్రిల్ 13

ఇవాళ మాయిశ్చర్ మీటరు వచ్చింది. చిన్న వస్తువే, ముందు రెండు సూదులుంటాయి, చెక్కలో గుచ్చితే తేమ ఎంత శాతమో చెప్పుద్ది. షెడ్డు పక్కన మిగిలిపోయిన ఓక్ కట్టెల్లోంచి ఒక పేడు తీసి పైన గుచ్చితే 18 చూపించింది, 20 లోపుంటే కాల్చుకోవచ్చు కాబట్టి హమ్మయ్య అనుకున్నా. తర్వాత అదే పేడుని గొడ్డలితో మధ్యకి చీల్చి, అప్పుడే తెరుచుకున్న లోపలి ముఖం మీద, నార వెంబడి గుచ్చితే 36. పోయిన చలికాలం ఆ స్టవ్ మమ్మల్ని ఎందుకంత ఏడిపించిందో అప్పుడు అర్థమైంది.

కొత్తగా చదివేవాళ్ళకి కొంచెం చెప్పాలి. మేం న్యూ హాంప్‌షైర్‌లో కాంకర్డ్‌కి ఉత్తరంగా అరగంట దూరంలో ఉంటాం. 2022లో ఇల్లు కొన్నప్పుడు ఈ కట్టెల స్టవ్ ఇంటితో పాటే వచ్చింది. ఇక్కడ చాలా ఇళ్ళు హీటింగ్ ఆయిల్ మీదే నడుస్తాయి, మాకూ బేస్‌మెంట్‌లో ట్యాంకు ఉంది, కానీ హాల్లో ఈ స్టవ్ సరిగ్గా మండితే ఆయిల్ సగానికి పైనే తగ్గుద్ది, పైగా కరెంటు పోయినా అది ఆగదు. పక్కింటి పెద్దాయన 2008 డిసెంబర్‌లో పడిన మంచువాన గురించి ఇప్పటికీ చెప్తుంటాడు, ఈ చిన్న రాష్ట్రంలో 4 లక్షల పైన కనెక్షన్లకి ఒకేసారి కరెంటు పోయింది, ఆయన వాళ్ళావిడ పది రోజులు స్టవ్ ముందే పరుపు వేసుకుని పడుకున్నారంట.

పోయిన సెప్టెంబర్‌లో ఒకతని దగ్గర 3 కార్డుల (ఇక్కడ కట్టె కొలిచే లెక్క) ఓక్ కొన్నాం, ఎండిన కట్టె అనే చెప్పాడు, నేనూ అడగాల్సినవి అడక్కుండా నమ్మేశా. డిసెంబర్ నుంచి రోజూ అదే గోల, కట్టె చివర్లలోంచి నురగ కక్కడం, సుయ్ మని శబ్దం, గాలి లీవరు పూర్తిగా తెరిచినా మంట లేవకపోవడం, పొద్దున్నే తుడిచిన గాజు మధ్యాహ్నానికి నల్లగా అయిపోవడం. రెడ్ ఓక్ చీల్చి పేర్చాక ఎండడానికి రెండు వేసవులు పడతాయని ఇక్కడ తెలిసినవాళ్ళంతా చెప్తారు, అతను నాకిచ్చింది ఆ వేసవిలోనే కొట్టిన చెట్టయ్యుంటుంది.

ఈసారి పని ఇప్పుడే మొదలుపెడుతున్నా, ఏం చేశానో ఇక్కడ రాసుకుంటూ పోతా.

ఏప్రిల్ 20

చిమ్నీ ఊడ్చే ఆయన వచ్చాడు, సర్టిఫికెట్ ఉన్న మనిషి, కెమెరా తెచ్చి పైనుంచి లోపలికి దింపాడు. మాది ఇటుక చిమ్నీ, లోపల ఆరు అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం, లైనర్ అంటారు, ఉంది. స్క్రీన్ మీద కింది భాగమంతా నల్లటి పెచ్చులు, ఎండిన చెరువులో బురద పగిలినట్టు. పైన నాలుగడుగులు మాత్రం వేరేగా ఉంది, నున్నగా, మెరుస్తా, తారు పూసినట్టు. పైన టోపీకి ఉండే జాలీ సగం పూడుకుపోయింది.

అది క్రియోసోట్. తడి కట్టె సగం మంటతో మండినప్పుడు పొగలో తారు ఆవిర్లు, నీళ్ళావిరి ఎక్కువుంటాయి, ఆ పొగ పైకి పోతూ పోతూ 250 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి చల్లబడితే గొట్టం గోడకి పట్టేసుకుంటుంది. మా చిమ్నీ ఇంటి బయట గోడని ఆనుకుని కట్టింది కాబట్టి పైభాగం ఇంకా చల్లగా ఉంటుంది, అందుకే తారంతా అక్కడే చేరింది. పెచ్చులు బ్రష్‌కి రాలిపోతాయి, మెరిసే తారు మాత్రం బ్రష్‌కి రాదు. దానికి ఒక పొడి చల్లి, రెండు వారాలాగి మళ్ళీ వచ్చి తిరిగే గొలుసుతో కొట్టి తీస్తానన్నాడు. మూడు మిల్లీమీటర్ల మందం చేరితే ఆగకుండా ఊడ్చాల్సిందేనంట, మాది దాటేసి చాలా దూరం వచ్చింది. ఇది అంటుకుంటే రైలు వచ్చినట్టు శబ్దం వస్తుందని, లోపల వేడి 1,000 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటుద్దని చెప్పాడు. ఆ మాట విన్నాక పాప పడుకునే గది ఆ గోడకే ఉందని గుర్తొచ్చి చాలాసేపు నాకు ఏ పనీ తోచలేదు.

ఇంకోటి కొలిచి చూపించాడు, మంచిది కాబట్టి రాస్తున్నా. చిమ్నీ పైకప్పులోంచి బయటికొచ్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు ఎత్తుండాలి, చుట్టూ 10 అడుగుల లోపు కప్పులో ఏ భాగం ఉన్నా దానికన్నా 2 అడుగులు పైకుండాలి. మాది సరిగ్గానే ఉంది, ఇల్లు కట్టినవాళ్ళు ఆ ఒక్క పని బాగా చేశారు.

ఏప్రిల్ 28

అమ్మ, నాయన వచ్చి నాలుగు రోజులైంది. ఇంకా నిద్ర సరిగ్గా పట్టట్లేదు, నాయన పొద్దున నాలుగింటికే లేచి కిటికీలోంచి కట్టెల వైపు చూస్తున్నాడు.

మాది ప్రకాశం జిల్లా టంగుటూరు పక్కన ఊరు, వర్జీనియా పొగాకు మీద బతికిన ఇల్లు. మాకు రెండు బ్యారన్లుండేవి. పచ్చాకు కర్రలకి కట్టి లోపల వరసలుగా ఎక్కిస్తే, కింద రేకు గొట్టాల్లోంచి వేడి తిరిగి ఆకు పండి ఎండుతుంది, ఐదారు రోజులు రాత్రింబవళ్ళు పొయ్యి ఆరకుండా చూసుకోవాలి. సరుగుడు, సర్కారు తుమ్మ, ఏది దొరికితే అది టన్నుల్లెక్కన దిగేది. కట్టె గురించి, గొట్టం గురించి, ఎండబెట్టడం గురించి నేను మీటరు కొని నేర్చుకున్నదంతా ఆయనకి చేతుల్లో ఉంది, నేను ఇంత దూరం వచ్చి ఆ సంగతే మర్చిపోయా.

ఓక్ పేడు ఒకటి చేతిలోకి తీసుకుని, "ఏందిరా ఇది ఇంత బరువుంది? ఇది ఎట్టా మండుద్ది?" అన్నాడు. రెండు పేళ్ళు తీసుకుని ఒకదాంతో ఇంకోదాన్ని కొట్టాడు, డప్ మని మొద్దుగా వినపడింది. "ఎండింది టంగుమంటది. దీంట్లో నీళ్ళున్నయ్." పైన 18 చూపించింది, లోపల 36 చూపించింది నాయనా అంటే ఆయనకేం ఆశ్చర్యం లేదు. "ఆకు చూడు, పొర గలగలమంటా ఉంటది, ఈనె పట్టుకుంటే మెత్తగా ఉంటది. ఈనె ఎండందే ఆకు ఎండినట్టు కాదు, దించితే బూజు పట్టుద్ది. ఇదీ అంతే." కట్టె తేమ గురించి ఇంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు.

తూకం ఐడియా కూడా ఆయనదే. మీటరు ముప్పై దాటితే సరిగ్గా చెప్పలేదు, బరువు అబద్ధం చెప్పదు. మూడు పేళ్ళు గుర్తుగా పెట్టుకుని నెలనెలా వంటింటి త్రాసు మీద తూచి, చివర మార్కర్‌తో బరువు, తేదీ రాయాలని అనుకున్నాం. వాటిలో రెండో నంబరు పోయినేడు మిగిలిన ఓక్, 3.50 కిలోలు. ఒకటో, మూడో నంబర్లు కొత్త కట్టెలు రాగానే.

మే 12

పెరట్లో వెనక ఆష్ చెట్టు మూడేళ్ళుగా ఎండిపోతా ఉంది, ఈ వారం కొట్టించాం. కొట్టడం నేను చేయలేదు, చేయకూడదు కూడా. బెరడు కింద తినే పురుగు పట్టి చచ్చిన ఆష్ పెళుసుగా అయిపోయి కొమ్మలు ఎప్పుడు ఊడి పడతాయో తెలీదు, బకెట్ లారీ ఉన్నవాళ్ళని పిలిచాం, వాళ్ళు పదహారు అంగుళాల మొద్దులుగా కోసి వదిలి వెళ్ళారు.

బెరడు ఊడదీస్తే లోపల చెక్క మీద పురుగు తిన్న దారులు, పాము పాకినట్టు మెలికలు మెలికలుగా, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా ఖాళీ లేదు. బెరడు బయటవైపు చిన్న చిన్న రంధ్రాలు, ఒకవైపు చదునుగా ఒకవైపు గుండ్రంగా, సగం చందమామలాగ. పాప వేలు పెట్టి ఆ దారుల వెంబడి తిప్పుతా కూర్చుంది, తాతా ఇది ఎవరు గీశారు అని. ఎమరాల్డ్ యాష్ బోరర్ అంటారు, పచ్చగా మెరిసే చిన్న పురుగు, ఆసియా నుంచి వచ్చింది, అమెరికాలో మొదట 2002లో డెట్రాయిట్ దగ్గర కనిపించింది, మా రాష్ట్రంలో 2013లో ఈ కాంకర్డ్‌లోనే బయటపడింది. కట్టెల లారీల్లో ఎక్కి ఊళ్ళు మారింది. అందుకే వేరే రాష్ట్రం నుంచి, వేడితో పురుగు చంపని మామూలు కట్టె ఇక్కడికి తేకూడదని రూలు. మనం క్యాంపింగ్‌కి పోతూ కారు వెనక నాలుగు కట్టెలు వేసుకెళ్ళే అలవాటు ఉన్నవాళ్ళు దయచేసి మానుకోండి, ఎక్కడ కాల్చుకుంటారో అక్కడే కొనుక్కోండి. ఈ చెట్టు నీడలో పాపకి ఉయ్యాల కట్టాలనుకున్నా నేను.

ఆష్ చీల్చడం మాత్రం చాలా తేలిక. నార నిటారుగా ఉంటుంది, మాల్ గొడ్డలి ఒక్క దెబ్బకి రెండు పలకలవుద్ది. నాయన నా దెబ్బలు కాసేపు చూసి, మధ్యలో కొట్టమాకు, అంచున కొట్టు, మొద్దులో ముందే పగులు ఎటుందో చూసి దాని వెంబడి దించు అన్నాడు. నిజంగానే సగం శ్రమ తగ్గింది. ముడి ఉన్న మొద్దులకి ఇనప మేకు దించి సమ్మెటతో కొట్టాం. డెబ్భై ఏళ్ళ మనిషిని గొడ్డలి పట్టనివ్వలేదు, ఆయన పేళ్ళు అందించి బెరడు ఊడదీసే పని చేశాడు, దానికే అమ్మ నన్ను తిట్టింది. ఈ నెల్లో బ్లాక్ ఫ్లైస్ అని చిన్న నల్లటి ఈగలుంటాయి, చెవుల వెనక కుడితే రక్తం కారుద్ది, తలకి వల టోపీ పెట్టుకోకుండా బయటికి రాకండి అని ఇద్దరికీ చెప్పా, నాయన తలగుడ్డ చుట్టుకుని అదే చాలన్నాడు, సాయంత్రానికి మెడంతా వాచింది, పాపం.

ఒకటో గుర్తు పేడు ఆష్, 2.86 కిలోలు, లోపల 27 శాతం. చెట్టు నిలబడే చచ్చింది కాబట్టి ఇప్పటికే సగం ఎండిపోయి ఉంది.

మే 26

దొంతులు. ఈ డైరీలో మిగతాదంతా చదవకపోయినా ఇది చదవండి, పోయినేడు నేను చేసిన పెద్ద తప్పు కట్టె కొనడంలో ఎంత ఉందో పేర్చడంలో కూడా అంతే ఉంది.

అప్పుడు షెడ్డు వెనక నీడలో నేల మీదే కుప్పగా పోసి, నీలం పట్టా నేల దాకా కప్పేశా, వానకి తడవకూడదని. లోపల ఆవిరి పట్టుకుని పట్టా కింద చెమట పట్టేది, కింది వరస బూజు వాసన. ఇప్పుడు చెక్క చట్రాల్లాంటి పాత పాలెట్లు పరిచి, నేలకి ఐదంగుళాలు ఎత్తులో, ఒక్కో వరస మధ్య అడుగున్నర సందు వదిలి, దక్షిణం వైపు ఎండ పడే చోట పేర్చాం. చివర్లు పడిపోకుండా పేళ్ళని అడ్డం ఒక వరస, నిలువు ఒక వరసగా పెట్టి స్తంభాల్లా కట్టాం. పక్కలన్నీ తెరిచే ఉంచాం, పైన మాత్రం రేకు, అదీ రెండంగుళాల వాలుతో. కట్టెలోంచి నీళ్ళు ఎక్కువగా రెండు చివర్ల నుంచే బయటికి పోతాయి, నార గొట్టాల్లాంటిది కదా, అందుకే చివర్లు గాలికి ఉండేలా చూడాలి.

నాయన గాలి ఎటు నుంచి వస్తుందని అడిగాడు. నేను మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఉండి ఎప్పుడూ గమనించలేదు. ఆయన కొంచెం బూడిద చేతిలోకి తీసుకుని వదిలి చూశాడు, పడమర నుంచి వస్తా ఉంది. దొంతులు దానికి అడ్డంగా కాకుండా సందుల్లోంచి గాలి దూరేలా తిప్పి పెట్టించాడు, అప్పటికే పేర్చిన ఒక వరస విప్పి మళ్ళీ పేర్చాం. రోజంతా పట్టింది, నడుములు పోయాయి, కానీ అది చేయించినందుకు ఆయనకి దండం పెట్టాలి.

పాత ఓక్ పేళ్ళలో లావుగా ఉన్నవాటినన్నిటినీ మళ్ళీ చీల్చాం, మణికట్టు నుంచి మోచేతి లావు దాకా ఉండేలా.

జూన్ 9

వచ్చే చలికాలానికి కాదు, ఆ పై చలికాలానికి 2 కార్డుల పచ్చి ఓక్ తెప్పించాం. ఇలా ఒక ఏడాది ముందుంటే ఎండిన కట్టె అని చెప్పే ఎవరి మాటా నమ్మాల్సిన పన్లేదు, పచ్చి అనే కొనుక్కుంటాం, తక్కువకి వస్తుంది, మనమే ఎండబెట్టుకుంటాం.

కొలత సంగతి. కార్డ్ అంటే 128 ఘనపుటడుగులు, పేర్చినప్పుడు 4 అడుగుల వెడల్పు, 4 ఎత్తు, 8 పొడవు. మన పేళ్ళు పదహారు అంగుళాలవి కాబట్టి, 4 అడుగుల ఎత్తు వరస ఒకటి 24 అడుగుల పొడవుంటే ఒక కార్డ్ అవుద్ది. 2 కార్డులంటే 48 అడుగులు రావాలి. మాకు 43 వచ్చింది. ఫొటోలు తీసి టేపు పెట్టి చూపించి మర్యాదగా ఫోన్ చేస్తే, మూడో రోజు ఇంకో చిన్న లోడు తెచ్చి పోశాడు, గొడవేం కాలేదు. పేర్చకుండా కుప్ప చూసి డబ్బులిచ్చేస్తే ఆ ఐదడుగులు పోయేవే. మా ఊళ్ళో కట్టెల అడితిలో నాయన తూకం రాయి చెక్ చేయకుండా ఏనాడూ బండి కదలనివ్వలేదు.

మూడో గుర్తు పేడు పచ్చి ఓక్, 4.10 కిలోలు.

జూలై 20

స్టవ్ లోపలి పని. వేసవిలో చేస్తేనే మంచిది, అక్టోబర్‌లో తలుపు అంచుల్లో గాలి దూరకుండా పెట్టే గ్యాస్కెట్ తాడు కోసం షాపులన్నీ తిరగాల్సొస్తుంది.

ముందు బూడిదంతా తీసి, ఇటుకలు ఒక్కొక్కటే బయట పెట్టి చూశా. ఫైర్ బ్రిక్స్ తొమ్మిదంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, ఒకటింపావు మందం. పగుళ్ళున్నా అతుక్కుని నిలబడి ఉన్నవాటిని అలాగే ఉంచేశా, రెండు మాత్రం చేత్తో నొక్కితే పొడి రాలుతున్నాయి, మార్చా. పైన బాఫిల్ ఉంటుంది, పొగ నేరుగా గొట్టంలోకి పోకుండా ముందుకి తిప్పి పంపే పలక, దాని కింద రంధ్రాలున్న గొట్టాల్లోంచి వేడిగాలి వచ్చి ఆ పొగనే మళ్ళీ మండిస్తుంది. పొగ మండాలంటే దాదాపు 600 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడి కావాలి, తడి కట్టె పెడితే ఆ వేడే రాదు, పొగంతా మండకుండా పైకి పోయి తారవుద్ది. మా బాఫిల్ ఒకవైపు అంగుళం పక్కకి జరిగిపోయి ఉంది, ఊడ్చినప్పుడు జరిగిందో ముందు నుంచే అలా ఉందో. సరిచేసి పెట్టా.

తలుపు గ్యాస్కెట్: డాలర్ నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగితే బిగువుగా ఉండాలి. హ్యాండిల్ వైపు బాగానే ఉంది, కీలు వైపు కింద నోటు అలా జారి వచ్చేసింది. అంటే అక్కడ నుంచి మనకి తెలీకుండా గాలి దూరుతోంది, లీవరు మూసినా మంట మన మాట వినదు. పాత తాడు పీకితే దుమ్ము లేస్తుంది, మాస్కు పెట్టుకోండి. గాడిలో పాత సిమెంటు గీకి తీయడానికి గంటన్నర పట్టింది, స్క్రూడ్రైవర్, వైర్ బ్రష్, మళ్ళీ స్క్రూడ్రైవర్, ఓపికగా మెరిసే ఇనుము కనపడేదాకా. కొత్త తాడు అర అంగుళం మందం. సిమెంటు సన్నగా పూసి తాడుని గాడిలో పడుకోబెట్టాలి, లాగకూడదు, లాగితే సన్నబడి మళ్ళీ సందు వస్తుంది. రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఎదురెదురుగా ఆనించాలి. తలుపు మూసి ఒక రోజంతా వదిలేశా. ఇవాళ నోటు పెడితే నాలుగు వైపులా కదల్లేదు.

గాజు అమ్మ తుడిచింది. తడి పేపరు ముక్కని బూడిదలో అద్ది రుద్దితే ఆ నల్లటి తారు అంతా వచ్చేసింది, ఊళ్ళో బూడిదతో గిన్నెలు తోమిన చేయి కదా, నేను కొన్న స్ప్రే సీసా మూత కూడా తీయలేదు.

ఆగస్టు 18

తూకాలు. ఆష్ 2.70. పాత ఓక్ 3.19. పచ్చి ఓక్ 3.27, అంటే పది వారాల్లో ఒక్క పేడులోంచి 830 గ్రాముల నీళ్ళు పోయాయి. పాపకి ముప్పాతిక లీటరు సీసా చూపించి, దీనికన్నా ఎక్కువ నీళ్ళు ఈ కట్టెలోంచి గాలిలో కలిసిపోయాయంటే నమ్మట్లేదు, కట్టె తిప్పి తిప్పి చూస్తోంది ఎక్కడ నుంచి కారాయా అని. పోయినేడు నేను ఆ నీళ్ళన్నీ స్టవ్‌లో పెట్టి ఉడికించా, ఇంటికి రావాల్సిన వేడి వాటిని ఆవిరి చేయడానికే పోయింది.

వేరే పనేం లేదు. వానలు బాగా పడ్డాయి, రేకులు నిలబడ్డాయి.

సెప్టెంబర్ 15

అమ్మానాయనలు వచ్చే వారం వెళ్ళిపోతున్నారు. ఇవాళ నాయన దొంతుల దగ్గర చాలాసేపు తిరిగాడు. ఆష్ పేళ్ళు రెండు తీసి కొట్టాడు, టంగ్ మని మోగింది, ఇంట్లో ఉన్న అమ్మకి కూడా వినపడింది. చీల్చి మీటరు పెడితే 17.

సాయంత్రం మెట్ల మీద కూర్చుని బ్యారన్ కాలిన రాత్రి గురించి చెప్పాడు. నేను పుట్టకముందు, మా వీధిలోనే వేరేవాళ్ళది, కర్ర జారి ఎండిన ఆకు గొట్టం మీద పడిందంట, పొయ్యి దగ్గర మనిషికి కునుకు పట్టింది, లేచేసరికి తాటాకు కప్పు అంటుకుంది. ఒక ఏడాది కష్టం అరగంటలో పోయింది. అప్పటి నుంచి ఆయన క్యూరింగ్ రోజుల్లో ఎప్పుడూ మంచం మీద పడుకోలేదు, పొయ్యి ముందు కర్ర బల్ల మీదే. "గొట్టం శుభ్రం, కట్టె ఎండు, మనిషి మెలకువ. ఈ మూడూ చూసుకో అబ్బాయ్," అన్నాడు. చిమ్నీ ఆయన కెమెరాలో చూపించిన వీడియో ఏప్రిల్లోనే నాయనకి చూపించా, అప్పుడేం మాట్లాడలేదు, ఇన్ని నెలలూ మనసులో పెట్టుకున్నాడని ఇప్పుడు తెలిసింది.

అక్టోబర్ 5

మొదటి మంచు పడింది, గడ్డి మీద తెల్లగా. ఇవాళ చెక్ చేసినవి:

స్టవ్ నుంచి గోడలోకి పోయే నల్ల గొట్టం విప్పి బయట ఊడ్చా. ఒక జాయింటుకి మూడు స్క్రూలుండాల్సింది ఒకటే ఉంది, మిగతా రెండు బిగించా. గొట్టం ముక్కల్లో ముడతలున్న సన్న కొస ఎప్పుడూ స్టవ్ వైపే, కిందికే ఉండాలి, అప్పుడు తారు ఏదైనా కారినా గొట్టం లోపలే దిగి స్టవ్‌లో పడి మండిపోద్ది, తిరగేసి పెడితే బయటికి కారుద్ది. మాది సరిగ్గానే ఉంది. లైనర్‌కి ప్లాస్టిక్ బ్రష్ కడ్డీలతో కింద నుంచి ఒకసారి తోశా, స్టెయిన్‌లెస్‌కి ఇనప బ్రష్ వాడకూడదు, గీతలు పడతాయి. పిడికెడు పొడి మసి రాలింది, అంతే.

కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక తేదీ చూస్తే దాని ఆయుష్షు ఎప్పుడో అయిపోయింది, టెస్ట్ బటన్ నొక్కితే కూత మాత్రం వస్తుంది, అందుకే పట్టించుకోలేదు. ఇంట్లో స్టవ్ ఉన్నా లేకపోయినా మీరు ఇవాళే ఒకసారి వెనక్కి తిప్పి తేదీ చూడండి. కొత్తవి రెండు పెట్టా, హాల్లో ఒకటి, పాప గది బయట ఒకటి.

బూడిదకి మూతున్న ఇనప బకెట్, ఇంటికి పది అడుగుల దూరంలో రాయి మీద. బూడిద కింద నిప్పు రెండు మూడు రోజులైనా బతికే ఉంటుంది, ప్లాస్టిక్ డబ్బాలో, పేపరు సంచిలో, చెక్క డెక్ మీద ఎక్కడా పెట్టొద్దు.

తూకాలు: ఆష్ 2.64, పాత ఓక్ 3.08 లోపల 23 శాతం, పచ్చి ఓక్ 2.98. పాత ఓక్ 20కి రాలేదు, కొంచెం దిగులుగానే ఉంది. జనవరి దాకా దాన్ని ముట్టుకోను, ఆ తర్వాత వారానికి సరిపడా లోపల హాల్లో స్టవ్‌కి మూడడుగుల దూరంలో పెట్టి, ఆష్‌తో కలిపి ఒక్కొక్కటిగా వాడతా. ఆష్ ఒక కార్డుంపావు వచ్చింది. సరిపోకపోతే ఫ్యాక్టరీలో పొట్టు నొక్కి చేసిన కట్టె ఇటుకలు ఒక పాలెట్ తెస్తా, తడి కట్టె మాత్రం ఇంకెప్పుడూ ఈ స్టవ్‌లో పెట్టను.

అక్టోబర్ 13

మొదటి మంట, మొదటి ఐదు నిమిషాల్లోనే హాలంతా పొగ. కట్టె ఎండుదే, గొట్టం శుభ్రంగానే ఉంది, మరి ఎందుకు?

వంటింట్లో మా ఆవిడ సాంబారుకి తాలింపు పెడుతూ ఎగ్జాస్ట్ ఫ్యాను ఫుల్లులో పెట్టింది. ఈ ఇళ్ళు సందుల్లేకుండా బిగించి కడతారు, ఫ్యాను లోపలి గాలిని బయటికి లాగేస్తుంటే ఆ గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి, దొరికిన పెద్ద కన్నం చిమ్నీయే. పైగా బయట గోడ చిమ్నీ, రాత్రంతా చల్లబడిన బరువు గాలి అందులో నిలబడి ఉంది, మొదటి పొగకి దాన్ని పైకి నెట్టే బలం లేదు. బట్టల డ్రైయరు కూడా ఇదే పని చేస్తుంది. మన వంటలకి ఆ ఫ్యాను లేకుండా కుదరదు కాబట్టి స్టవ్‌లు పెట్టుకున్న మనవాళ్ళందరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుద్ది.

కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, గంటాగి మళ్ళీ మొదలుపెట్టాం. స్టవ్ దగ్గర కిటికీ రెండంగుళాలు తెరిచి, ఒక పేపరు ఉండచుట్టి బాఫిల్ దగ్గరగా పైన వెలిగించి పట్టుకుంటే, కాసేపటికి మంట నాలుక పైకి లాగినట్టు వంగింది, అంటే గొట్టం వేడెక్కి లాగడం మొదలైంది. అప్పుడు కట్టెలు. కింద లావు పేళ్ళు మూడు, వాటి పైన సన్నవి అడ్డంగా, అన్నిటికన్నా పైన చితుకులు, బర్చ్ బెరడు, పై నుంచి వెలిగించా. మంట పై నుంచి కిందికి నెమ్మదిగా దిగుద్ది, పొగ పుట్టిన చోటే పైన మంట ఉంటుంది కాబట్టి అక్కడే మండిపోద్ది. ఊళ్ళో పొయ్యి కింద నుంచి ముట్టించి ఊదుగొట్టంతో ఊదడమే తెలిసిన నాకు ఇది ఇప్పటికీ వింతే. ఇరవై నిమిషాల తర్వాత బయటికెళ్ళి చూస్తే చిమ్నీ పైన పొగ లేదు, వేడిగాలి వణుకు మాత్రం కనపడింది.

నవంబర్ 10

రాత్రి మైనస్ 9 సెంటిగ్రేడ్. పదింటికి ఆష్ నాలుగు పేళ్ళు పెట్టి, స్టవ్ పైన థర్మామీటరు 550 ఫారన్‌హీట్ దగ్గర నిలబడ్డాక గాలి తగ్గించా, గాజు వెనక గొట్టాల రంధ్రాల దగ్గర మంట గ్యాస్ పొయ్యిలాగ వరసగా వెలిగింది. పొద్దున ఆరింటికి బూడిద పక్కకి నెడితే కింద ఎర్రటి నిప్పులు, రెండు చితుకులు వేస్తే చాలు, అంటుకుంది. గాజు మూలల్లో కొంచెం తెల్ల బూడిద తప్ప శుభ్రంగా ఉంది. నిద్ర మధ్యలో రెండింటికి ఒకసారి లేచి గొట్టం మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూసొచ్చా, అలవాటైపోయింది.

నాయనకి వీడియో కాల్ చేసి స్టవ్ వైపు తిప్పి చూపించా. మంట సంగతేం అడగలేదు, మూడో పేడు ఎంత తూగింది అన్నాడు. తీసుకొచ్చి తూచా, 2.94. మార్కర్‌తో చివర రాసి, మళ్ళీ తీసుకెళ్ళి దొంతి మీద రేకు కింద పెట్టా.